బీగాలాయనను ఎలా నమ్మాలి?

మన హాస్టల్‌లో చేరిన ప్రతివాడికీ ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. కంచం, గ్లాసు, దుప్పటి అందరివీ ఒకేలా ఉంటాయి గానీ పెట్టెలోవి ఎవరివి వాళ్ళవే. కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల లిస్టు, ఇంటి నుంచి తెచ్చుకున్న నాలుగు రూపాయలు, అన్నీ అందులోనే. అందుకే బీగం చెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాళ్ళం.

మేము పదో తరగతిలో ఉన్నప్పుడు పరీక్షల మొదటిరోజు పొద్దున్నే మావాడొకడి చెవి పోయింది. హాల్ టికెట్ పెట్టెలో ఉంది. పరీక్షకు ఇంకా గంటన్నరే. మనుబోలు రోడ్డు మీదకు పరుగెత్తి, గొడుగు కింద కూర్చుని బీగాలు బాగుచేసే తాతను పిలుచుకొచ్చాము. ఆయన పెట్టెను తాకలేదు. "ఇది ఎవరిదిరా? వార్డెన్ సారును పిలవండి" అన్నాడు. సారు వచ్చాక, "లోపల ఏమేముందో ముందు నువ్వు చెప్పు" అని మావాణ్ణి అడిగాడు. మాకు ఒళ్ళు మండింది. తీరా చూస్తే వంచిన కమ్మీతో ఒక్క నిమిషంలో తీసేశాడు.

అప్పుడు తట్టింది. అంత సులువుగా తీయగలిగినవాడు మా పెట్టెలన్నీ తీయగలడు. ఏమీ అడగకుండా తీసేవాడే భయపడాల్సిన మనిషి!

లీవర్ బీగం లోపల చిన్న చిన్న రేకులుంటాయి. చెవి మీది పళ్ళు ఒక్కో రేకును దాని ఎత్తుకు సరిగ్గా లేపితేనే గడియ జరుగుతుంది. బీగం మీద 6 లీవర్లు, 7 లీవర్లు అని రాసేది ఆ రేకుల లెక్కే. చెవి పోతే పనిమంతుడు పళ్ళు లేని కొత్త చెవిని లోపల పెట్టి తిప్పుతాడు, గీతలు పడిన చోట ఆకురాయితో రుద్దుతాడు. ఓపిక పని అది. రాగానే డ్రిల్లు తీసేవాడికి పని రాదనుకోవాలి, లేదా కొత్త బీగం అమ్మే ఆలోచన ఉందనుకోవాలి. చిన్న బీగమైతే రంపపు బ్లేడుతో కోసి కొత్తది కొనుక్కోవడమే చవక.

వీధిలో కేకవేస్తూ వచ్చేవాళ్ళతో మరీ జాగ్రత్త. బీరువా చెవి చేస్తామని వచ్చి, వేడినీళ్ళో నూనో తెమ్మని ఇంటివాళ్ళను లోపలికి పంపి, నగలు తీసుకుని, "రెండు గంటలదాకా తెరవొద్దమ్మా" అని చెప్పి పోయిన దొంగల సంగతి పేపర్లలో ఎన్నోసార్లు చదివాము. బీరువా దగ్గర్నుంచి కదలకూడదు.

ఇప్పుడు మనవాళ్ళు చాలామంది నెల్లూరులో, చెన్నైలో, హైదరాబాదులో గదుల్లో ఉంటున్నారు. రాత్రిపూట బయట ఇరుక్కుపోయి, ఫోనులో దొరికిన నంబరుకు చేస్తే ముందు రెండు వందలంటారు, తలుపు తీశాక వేలంటారు. మొత్తం ఎంతో ముందే ఫోనులో చెప్పించుకోండి. ఇంటి ఓనరుకు చెప్పి, ఆయన ఎదుటే తీయించండి. అంతకంటే మేలైన దారి, తీరికున్న రోజే దగ్గరి హార్డ్‌వేర్ షాపులో అడిగి, ఒకచోట కూర్చుని పనిచేసే మనిషి నంబరు రాసి పెట్టుకోవడం. చిన్నపిల్లలు లోపల ఉండిపోతే ఇవేవీ చూడక అగ్నిమాపక శాఖకు 101 చేయండి.

మావాడు ఆ రోజు గంట కొట్టకముందే పరీక్ష హాల్లో కూర్చున్నాడు. సాయంత్రం మేమందరం రెండో చెవిని కవర్లో పెట్టి, పైన పేరు రాసి, వార్డెన్ సారుకు ఇచ్చాము.