ముసలి కుక్కను చేరదీస్తున్నారా?

చిలమకూరు లాంటి ఊళ్ళలో కుక్కలకు ఆశ్రమాలేముంటాయి? కాలు విరిగి, చూపు మందగించి అరుగు కింద పడివున్న ముసలి కుక్కకు నాలుగు మెతుకులు పెట్టేవారే దిక్కు. ఆ జాలిని నేను కాదనను.

"అది ముసల్ది సార్, పండ్లు గూడా సరిగా లేవు. దానికి పిచ్చెట్లా పడుతుంది?" అన్నదొక తల్లి. నిద్రపోతున్న చెవిటి కుక్కను పిల్లవాడు తట్టి లేపాడు. అది ఉలిక్కిపడి కరిచింది. గాయానికి కారం, కాఫీపొడి అద్ది మూడోనాడు తీసుకొచ్చారు. కోపం వచ్చినా, అప్పటికైనా వచ్చారు గదా అనుకున్నాను.

రేబిస్‌కు వయసుతో పనిలేదు. లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బ్రతకరు. కనుక కరిచిన వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కట్టు కట్టకుండా అదేరోజు ఆస్పత్రికి రండి. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం పోయింది. ఇప్పుడు భుజానికే. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి సూది తర్వాత 3, 7, 28 రోజులకు మళ్ళీ వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే చుట్టూ సీరం కూడా ఎక్కించాలి.

కుక్కను ఇంట్లోకి తెచ్చేముందే పశువైద్యునికి చూపించి టీకా వేయించండి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది. ఆపైన ఏటేటా టీకా, నులిపురుగుల మందు మరువకండి. చెవిటిదాన్ని ఎదురుగా వెళ్ళి పిలవాలి. తినేటప్పుడు పిల్లల్ని దగ్గరకు పోనివ్వకండి.

మరొక్క మాట. కుక్క దవడ జారి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే గొంతులో ఎముక ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టకండి. అది రేబిస్ కావచ్చు.