మేస్త్రీ ఫోనెత్తడం లేదా?

పాత బాత్రూమ్ పగలగొట్టారు. వంటింట్లో గచ్చు తవ్వేశారు. కరెంటు పైపుల కోసం గోడకు కొట్టిన గాడి అలాగే ఉంది. ‘సోమవారం వచ్చేస్తా’నన్న కాంట్రాక్టరు నెల దాటినా అయిపు లేడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇచ్చిన డబ్బు ముప్పాతిక వంతు, జరిగిన పని సగమైనా లేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉంటున్న ఇంటికి మరమ్మతు చేయించి చూడు అని కూడా చేర్చుకోవచ్చేమో! కొత్త ఇల్లు ఆలస్యమైతే అద్దింట్లోనే కొన్నాళ్లు సర్దుకుంటాం. ఉన్న ఇల్లే సగం పగిలి ఉంటే..? స్నానాలు పక్కింట్లో, వంట వరండాలో.

అందుకే చాలామంది వెంటనే ఇంకో మేస్త్రీని పిలుస్తారు. చిక్కంతా అక్కడే. కొత్త మేస్త్రీ టైల్స్ పరిచేశాక, పాతవాడు వదిలేసిన పనికి సాక్ష్యం వాటికిందే కప్పడిపోతుంది.

ఎక్కడికెళ్లాలి?

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ‘ఇది సివిల్ తగాదా’ అంటారు. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే డబ్బు తీసుకున్నాడని చూపగలిగితేనే క్రిమినల్ కేసు నిలుస్తుంది. 2016 నాటి రెరా చట్టం అమ్మకానికి కట్టే ప్రాజెక్టుల కోసం. సొంతింటి మరమ్మతు దాని కిందికి రాదు.

మిగిలిన తేలికైన దారి వినియోగదారుల కమిషన్. ఇళ్ల నిర్మాణమూ ‘సేవ’ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది. 2020 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన సొమ్ము రూ.50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్ చూస్తుంది. రూ.5 లక్షల వరకు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గొడవ మొదలైన 2 ఏళ్లలోగా వేయాలి. నోటీసు అందాక కాంట్రాక్టరు 30 రోజుల్లో, గడువు పొడిగిస్తే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి.

ముందు ఆధారం... తర్వాతే పని

‘ఫలానా తేదీలోగా పని పూర్తిచేయండి, లేదంటే వేరేవాళ్లతో చేయించి ఖర్చు మీ దగ్గరే రాబడతాం’ అంటూ స్పీడ్‌పోస్టులో నోటీసు పంపండి. ప్రతి గదినీ తేదీతో ఫొటోలు తీయండి. ఈ గొడవతో సంబంధంలేని సివిల్ ఇంజినీరును పిలిచి, జరిగిన పని కొలతలు, మిగిలినదానికయ్యే ఖర్చు రాయించి సంతకం తీసుకోండి. వాట్సప్ సందేశాలు, డబ్బు పంపిన రసీదులు చెరిపేయొద్దు. ఆ తర్వాత కొత్త మేస్త్రీని పెట్టుకోవచ్చు. తీర్పు వచ్చేదాకా పగిలిన ఇంట్లోనే ఉండక్కర్లేదు. ఆ బిల్లులే రేపు పరిహారానికి లెక్క అవుతాయి.

తప్పు అటే ఉండదు

మామూలు టైల్స్‌కి ధర మాట్లాడి మధ్యలో గ్రానైట్ కావాలనడం, గోడ కొట్టాక బయటపడిన లీకేజీనీ పాత రేటులోనే బాగుచేయమనడం... కాంట్రాక్టర్ల గోడూ ఉంది. డబ్బు రాకపోతే వాళ్లు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లలేరు. పని చేసిన 3 ఏళ్లలోగా సివిల్ కోర్టులో దావా వేసుకోవాల్సిందే. అందుకే మార్పు చిన్నదైనా రేటుతో సహా రాసుకుని ఇద్దరూ సంతకాలు చేస్తే ఇద్దరికీ మేలు.

అడ్వాన్సు ఇచ్చేముందు...

డబ్బును తేదీలకు కాదు, పనికి ముడిపెట్టండి. పైపులు వేశాక ఇంత, బాత్రూమ్‌లో నీళ్లు నిలిపి లీకేజీ లేదని చూశాక ఇంత, టైల్స్ అయ్యాక ఇంత అని. చివరి వాయిదా పని అప్పగించాకే. సామాను ఎవరు తేవాలి, ఏ రకం, ఎన్నాళ్లలో పూర్తిచేయాలి అన్నవీ కాగితం మీదికి రావాలి. ‘మనవాడే కదా, సంతకం అడిగితే ఏమనుకుంటాడో’ అని మొహమాటపడతాం. నిజంగా మనవాడైతే ఏమీ అనుకోడు.

సందేహాలుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.