పదడుగుల నుంచి రెండడుగులకు: లైన్‌మన్ తొలి ఏడాది

అమెరికాలో కరెంటు లైన్ల పనికి కొత్తగా చేరినవారు ముందుగా నేర్చుకోవాల్సింది దూరం. 50 కిలోవోల్టుల లోపు లైన్‌కు శిక్షణ లేని మనిషి కనీసం 10 అడుగుల ఎడంలో ఉండాలి. శిక్షణ పూర్తయిన లైన్‌మన్ అయితే, మన ఊళ్లలో కనిపించే 11 కేవీ స్థాయి తీగకు సుమారు రెండడుగుల రెండంగుళాల దాకా వెళ్లవచ్చు. అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా గీసిన గీతలివి. ఈ రెండింటి మధ్య ఉన్న ఎనిమిదడుగులు ఎలా సంపాదించుకోవాలో నేర్పేదే అప్రెంటిస్‌షిప్. తొలి ఏడాది చాలామట్టుకు బతికున్న తీగ, అంటే కరెంటు ఉన్న తీగ జోలికి పోకుండానే గడుస్తుంది. అలా గడవాలి కూడా.

ఐబీఈడబ్ల్యూ కార్మిక సంఘం, నెకా కాంట్రాక్టర్ల సంఘం కలిసి నడిపే లైన్ శిక్షణ మొత్తం 7,000 పనిగంటలు. వెయ్యి గంటలకో మెట్టు చొప్పున ఏడు మెట్లు. మొదటి మెట్టులో పూర్తిస్థాయి లైన్‌మన్ గంట కూలిలో 60 శాతం ఇస్తారు. తర్వాత 63, 67, 72, 78, 86 శాతం; చివరి మెట్టులో 90. వారానికి 40 గంటల లెక్కన ఒక మెట్టు 25 వారాలు. అంటే ఏడాదిలో రెండు మెట్లు, మొత్తం శిక్షణ మూడున్నరేళ్లు. తుఫాన్లు వచ్చి ఓవర్‌టైమ్ పడితే ఇంకా ముందే ముగుస్తుంది. చేరడానికి సాధారణంగా 18 ఏళ్లు నిండాలి, హైస్కూలు చదువుతోపాటు ఏడాది ఆల్జీబ్రా ఉండాలి.

మొదట్లో పని నేల మీదే. తాడుతో సామాను పైకి పంపడం, ముడులు, పనిముట్ల పేర్లు, గుంతలు. స్తంభం పొడవులో పదో వంతు, దానికి తోడు రెండడుగులు భూమిలో ఉండాలన్నది అక్కడి లెక్క. 40 అడుగుల స్తంభానికి ఆరడుగుల గుంత కావాలి. ఆ తర్వాత ఎక్కడం. అక్కడ ఎక్కువగా చెక్క స్తంభాలు. కాళ్లకు ఇనుప కొక్కేలు కట్టుకుని, మొన కర్రలో దిగేలా అడుగు వేయాలి. మోకాలు స్తంభానికి ఆనిందా, మొన జారి మనిషి కిందికి దిగిపోతాడు. ఒకప్పుడు అనుభవం ఉన్నవాళ్లు తాడు ఆసరా లేకుండానే ఎక్కేవారు. 2015 ఏప్రిల్ నుంచి అది కుదరదు: నాలుగడుగులు దాటితే పడిపోకుండా ఆపే కట్టు ఉండాల్సిందే.

ఇంత జాగ్రత్త ఊరికే రాలేదు. 1891లో పుట్టిన ఐబీఈడబ్ల్యూకు తొలి అధ్యక్షుడైన హెన్రీ మిల్లర్ స్వయంగా లైన్‌మన్. 1896లో వాషింగ్టన్‌లో పనిలో ఉండగా షాక్ తగిలి, స్తంభం మీది నుంచి పడి చనిపోయారు.

గ్లౌజుల పాఠం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. క్లాస్ 2 రబ్బరు గ్లౌజులు 17,000 వోల్టుల వరకు పనికొస్తాయి. వాటిని పరీక్షించేది 20,000 వోల్టుల దగ్గర. ప్రతి ఆరు నెలలకూ మళ్లీ పరీక్ష. అది చాలదు. పనికి వేసుకునే ముందు గ్లౌజు అంచు చుట్టి, లోపల గాలి బంధించి, ఎక్కడైనా బుస్సుమంటోందేమో చూసుకోవాలి. సూది మొనంత చిల్లు చాలు, ప్రాణం పోవడానికి. ఇన్ని వేల వోల్టుల పనిలో ఈ ఒక్క పరీక్షకు మాత్రం ఏ యంత్రమూ అక్కర్లేదు, చేసే అలవాటు ఉంటే చాలు. ఆ అలవాటు పడేది తొలి ఏడాదిలోనే.

స్తంభం మీద స్పృహ తప్పిన తోటివాణ్ని దించడం మరో పాఠం. మనిషంత బరువున్న బొమ్మను పైన కట్టి, నాలుగు నిమిషాల్లో కిందికి దించమంటారు. గుండె ఆగాక మెదడు తట్టుకునేది దాదాపు అంతసేపే. 600 వోల్టులు దాటిన బతికున్న లైన్ పని మీద ఇద్దరుండాలనే నిబంధన వెనకా ఈ నిమిషాలే ఉన్నాయి. కాలిఫోర్నియా ఇంకాస్త గట్టిగా, హైవోల్టేజీ పనికి అర్హుడనిపించుకోవాలంటే కనీసం రెండేళ్ల శిక్షణ, అనుభవం ఉండాలంటుంది.

మన దగ్గర వరస వేరు. ఐటీఐ చదివి వచ్చినవారిని జూనియర్ లైన్‌మన్‌గా తీసుకునేటప్పుడే స్తంభం ఎక్కిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్ల ఎంపికకు స్తంభం ఎక్కడం, సైకిల్ తొక్కడం, మీటర్ రీడింగ్ పరీక్షలు పెట్టారు. అక్కడ నేర్పే పని, ఇక్కడ వడపోసే జల్లెడ అయింది. మన లైన్‌మన్లను బలిగొనేది స్తంభం ఎత్తు ఒక్కటే కాదు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ ఆపినట్టు ఇచ్చే అనుమతి) తీసుకుని, లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, తీగల్ని షార్ట్ చేసి ఎర్త్ చేశాకే చెయ్యి వేయాలి. ఎర్త్ చేయడం మానితే, ఎవరి ఇంటి జనరేటర్ నుంచో రిటర్న్ సప్లై వచ్చినా చచ్చిన తీగ బతుకుతుంది. ఎక్కే పరీక్షలో నెగ్గినంత మాత్రాన ఈ క్రమం చేతికి అలవాటు కాదు. పెద్ద లైన్‌మన్ పక్కన నెలల తరబడి నిలబడాలి.

అలా నిలబడే నెలలకు డబ్బు కావాలి. 1961 అప్రెంటిస్ చట్టం కింద, 2019 నిబంధనలు ఐటీఐ పాసైనవారికి కనీస స్టైపెండ్‌ను నెలకు 7,000 రూపాయలుగా పెట్టాయి. అక్కడి 60 శాతం పెద్ద లైన్‌మన్ కూలికి ముడిపడి ఉంది గనక ఆయనకు పెరిగితే అప్రెంటిస్‌కూ పెరుగుతుంది. మన స్టైపెండ్ ఒక అంకె దగ్గర ఆగి, మళ్లీ నోటిఫికేషన్ వచ్చేదాకా కదలదు. దాన్ని కూడా జూనియర్ లైన్‌మన్ జీతంలో ఇంత శాతమని కట్టేస్తే, కుర్రాళ్లు నెల తిరక్కుండానే వేరే పని వెతుక్కోకుండా ఆ ఏడాది పూర్తిచేస్తారు.