పాత కెమెరాపై మక్కువ యేల?

రేడియో ముల్లును త్రిప్పుచు ఒక కేంద్రమును సమీపించునపుడు మొదట గరగర ధ్వనియు, పిమ్మట అస్పష్టమైన మాటయు, మరికొంత త్రిప్పగనే స్వచ్ఛమైన గానమును వినవచ్చుట మన శ్రోతలకు అనుభవమే. సరియైన చోటు ఎచ్చట నున్నదో చెవి చెప్పును. చేయి అచ్చట నిలుచును. ఛాయాచిత్రకారుడు కెమెరా కటకమును త్రిప్పి దృశ్యమును స్ఫుటము గావించుకొనుటయు నిట్టిదే. దీనినే ఫోకసు కుదుర్చుట యందురు.

ఈ పనిని యంత్రమే చేయు కెమెరాలు వచ్చి చాలకాల మైనది. 1977లో కొనికా సంస్థ అట్టి చిన్న కెమెరా నొకదానిని విక్రయమునకు తెచ్చెను. 1985లో మినోల్టా 7000 వెలువడిన పిమ్మట వృత్తినిపుణులును క్రమముగా ఆ మార్గమునకు మరలిరి. నేటి కెమెరాలు మనుష్యుని కంటిని గుర్తించి, దానిని వెంబడింపగలవు. అయినను కొందరు నిపుణులు చేతితో త్రిప్పు పాత లైకాను, 1959 నాటి నికాన్ ఎఫ్‌ను విడువకున్నారు. ఇది కేవలము పాతవస్తువుపై మమకారమా? కాదని మా అభిప్రాయము.

పాత కటకముపై రెండు వలయము లుండును. ఒకటి దూరమును, రెండవది కాంతి ప్రవేశించు ద్వారపు పరిమాణమును నిర్ణయించును. ద్వారమును చిన్నది చేసిన కొలది స్ఫుటముగ కనుపించు మేర పెరుగును. ఆ మేర యెంతయో తెలుపు కొలబద్ద కటకముపైననే చెక్కబడి యుండును. ఉదాహరణకు 35 మిల్లీమీటర్ల కటకమున ద్వారమును ఎఫ్-11 వద్దను, దూరమును 3.7 మీటర్ల వద్దను నిలిపినచో, సుమారు రెండు మీటర్లు మొదలుకొని కనుచూపు మేర వరకు గల వన్నియు స్ఫుటముగ పడును. ఇక షట్టరు నొక్కుటయే మిగిలియుండును. యంత్రము తుదిక్షణమున చేయు పనిని ఈతడు ముందుగనే ముగించుకొనినాడన్నమాట.

ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు హెన్రీ కార్తియే-బ్రెసాన్ లైకా కెమెరాతో, ముఖ్యముగ 50 మిల్లీమీటర్ల కటకముతో, దశాబ్దములు పనిచేసెను. ఆయన గాంధీమహాత్ముని కలిసికొనిన 1948 జనవరి 30వ తేదీ సాయంకాలమే మహాత్ముడు హత్యకు గురియయ్యెను. ఆ రాత్రి నెహ్రూ బిర్లా భవనము గేటు కడ నిలిచి ప్రజలకు ఆ దుర్వార్త తెలుపుచుండగా కార్తియే-బ్రెసాన్ మసక వెలుగులో చిత్రము తీసెను. ఆ కాలమున చేతి ఫోకసు తప్ప వేరు మార్గము లేదు, నిజమే. కాని దూరమును కంటితో అంచనా వేయు అభ్యాసము ఆయన చేతికి అలవడియుండుటచే, అట్టి గడియలలో మనస్సు కెమెరాపై గాక ఎదుటి మనుష్యులపై నిలువగలిగెను.

మాకు పరిచితుడైన పెండ్లి ఫోటోగ్రాఫరు నొకసారి ఈ విషయమే అడిగితిమి. మా సోదరి వివాహమున వేరొకరు తీసిన చిత్ర మొకటి ఆయనకు చూపితిమి. అందు అక్షతల గింజలు ముత్యములవలె స్ఫుటముగను, వానిని చల్లుచున్న మా అమ్మమ్మ ముఖము మసకగను పడినవి. ఆమె నేడు లేరు. ఆయన చాలసేపు చూచి, “కెమెరా తప్పు చేయలేదండి. దగ్గర నున్నదానిని పట్టుకొన్నది. ఎవరిని చూడవలయునో దానికి తెలియదు. నేను ముందే పెద్దావిడ నిలుచు చోటికి దూరము కుదిర్చి యుంతును. నడుమ గింజలు వచ్చినను, పూలు వచ్చినను అది కదలదు” అనెను.

ఆయన క్రొత్త కెమెరాను తృణీకరించువారు కారు. పరుగెత్తు పిల్లలకును, ఆటల పోటీలకును దానినే వాడుదురు. వయస్సు మీరి చూపు తగ్గినవారికి అది గొప్ప ఆసరా యనియు అంగీకరించిరి. పాత కటకమును తగిన అమరికతో క్రొత్త డిజిటల్ కెమెరాకు తగిలించుటయు ఆయనకు అలవాటే. కనుక ఇది పాత క్రొత్తల కలహము గాదు. చిత్రమున ఎవరు స్పష్టముగ నుండవలయునను నిర్ణయమును తన చేతిలో ఉంచుకొనవలెనను పట్టుదల మాత్రమే.

మీ యింట అట్టి కెమెరా యేదైన పెట్టె నడుగున నున్నచో ఒకసారి పైకి తీయుడు. ఫిల్ము లేకున్నను ఇంటి పెద్దవారిని వెలుగులో కూర్చుండబెట్టి, వలయమును మెల్లగ త్రిప్పుచు, వారి కన్నులు ఎచ్చట స్ఫుటమగునో చూడుడు.