ఏ దిక్కుకైనా తిరిగే ఫిరంగి

ట్యాంకులతో కలిసి ఎడారిలో నడిచే ఫిరంగి దళానికి కుదురుగా ఒక ముందువైపంటూ ఉండదు. ఊళ్లు, కాలువలు, కొండలు ఉన్నచోట శత్రువు ఏ దారిన వస్తాడో కొంతైనా అంచనా వేయొచ్చు. 1941, 42లలో ఈజిప్టు, లిబియా ఎడారుల్లో ఆ వీలు లేదు. పొద్దున పడమరకు గురిపెట్టిన ఫిరంగిని మధ్యాహ్నానికల్లా తూర్పుకు తిప్పాలి. అదీ శత్రు ట్యాంకులు దుమ్ము రేపుకుంటూ వస్తుండగా.

బ్రిటిష్, భారత సైన్యాలు అక్కడ వాడింది 25 పౌండర్. గుండు బరువు 25 పౌండ్లు, అంటే 11.3 కిలోలు. అది 12 కిలోమీటర్లకు పైగా వెళ్లి పడేది. యుద్ధ చరిత్ర పుస్తకాలు దీని దూరాన్నీ గుండునీ పొగుడుతాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం దాని తోక కింద వేలాడే ఇనుప చక్రం.

తొమ్మిదో తరగతిలో ద్రవ్యవేగ నిత్యత్వం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "పేలినప్పుడు వెనక్కి పోకుండా ఫిరంగిని నేలలో దిగ్గొడతారన్నారు కదా సార్, మరి పక్కకు తిప్పాలంటే ఎలా?" అని అడిగింది. ఫిరంగులు తయారుచేసేవాళ్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్న చిక్కు సరిగ్గా ఇదే.

లెక్క వేసి చూద్దాం. పూర్తి మందు పెట్టి పేలిస్తే గుండు సెకనుకు సుమారు 530 మీటర్ల వేగంతో వెళుతుంది. 11.3ని 530తో గుణిస్తే దాదాపు 6,000, అదే గుండు ద్రవ్యవేగం. ఫిరంగి బరువు 1,800 కిలోలు. దాన్ని ఏదీ పట్టి ఉంచకపోతే అంతే ద్రవ్యవేగంతో, 6,000ని 1,800తో భాగిస్తే సెకనుకు 3.3 మీటర్ల వేగంతో, అంటే గంటకు 12 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. గొట్టంలోంచి ఎగజిమ్మే వాయువుల తోపు దీనికి అదనం. ఈ దెబ్బంతా ఒక్క క్షణంలో బండి మీద పడకుండా గొట్టం ఒక్కటే వెనక్కి జారే ఏర్పాటు ఉంది. సన్నని రంధ్రాల గుండా నూనె దూరుతూ ఆ వేగాన్ని అణుస్తుంది, నొక్కుకుపోయిన గాలి మళ్లీ గొట్టాన్ని ముందుకు నెడుతుంది. అప్పటికీ మిగిలిన తోపును నేల భరించాలి. అందుకే తోక చివర పార లాంటి రేకు ఉంటుంది. అది మట్టిలో దిగబడి ఫిరంగిని ఆపుతుంది.

చిక్కంతా అక్కడే. దిగబడ్డ ఫిరంగి గొట్టాన్ని పక్కకు తిప్పగలిగేది అటు 4 డిగ్రీలు, ఇటు 4 డిగ్రీలు. కిలోమీటరు దూరంలో అది అటూ ఇటూ కలిపి 140 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోయే ట్యాంకు దాన్ని 17 సెకన్లలో దాటేస్తుంది. తర్వాత తోకను మట్టిలోంచి పెకలించి, తిప్పి, మళ్లీ దిగేయాలి. ట్యాంకు అంతసేపు ఆగదు. తోకను రెండుగా చీల్చి, విడదీసి నిలబెడితే గొట్టం ఇంకొంత ఎక్కువ తిరుగుతుంది. ఆ రకం బండిని బ్రిటన్‌లోనూ తయారుచేసి చూశారు. బరువు పెరిగింది, నాలుగు దిక్కులూ మాత్రం అందలేదు. చివరికి ఒకే తోక ఉన్న బండినీ, దాని కింద ఈ చక్రాన్నీ ఎంచుకున్నారు.

ఆకులతో సహా బండి చక్రాన్ని నేల మీద పడుకోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది. ప్రయాణంలో తోక కింద కొక్కేనికి వేలాడుతుంది. ఆగగానే దాన్ని నేల మీదికి దించి, ఫిరంగి రెండు చక్రాలూ దాని అంచు మీదికి ఎక్కేలా లాగుతారు. ఫిరంగికీ చక్రం నడిమికీ మధ్య ఇనుప కడ్డీలు బిగిస్తారు. గుండు పేలినప్పుడు తోపు ఆ కడ్డీల గుండా చక్రానికి, చక్రం నుంచి నేలకు చేరుతుంది. తోక మట్టిలో కూరుకుపోవాల్సిన పని తప్పింది. ఒక్క మనిషి తోక పట్టి నెడితే చాలు, దాదాపు రెండు టన్నుల ఫిరంగి చుట్టూ తిరుగుతుంది. గురి చూసే గన్నర్ ఎడమ పక్క కూర్చుని గొట్టాన్ని పైకీ కిందికీ, పక్కలకూ తానే తిప్పుకుంటాడు. కదిలే ట్యాంకు మీద గురి సరిచేయడానికి ఇద్దరి చేతులు కలవాల్సిన అవసరం లేదు.

మందు పెట్టే తీరు కూడా చూడండి. ముందు గుండును గొట్టంలోకి దూర్చి, వెనక ఇత్తడి డొక్కు పెడతారు. డొక్కులో ఎరుపు, తెలుపు, నీలం గుడ్డ సంచుల్లో మందు. దూరం తగ్గాలంటే మూత తీసి నీలం సంచి పక్కన పడేస్తారు, ఇంకా తగ్గాలంటే తెల్లది కూడా. ఆ విధంగా ఒకే ఫిరంగి దిబ్బ అవతలకు ఎత్తుగా గుండు వేయగలదు, ఎదురుగా వచ్చే ట్యాంకును తిన్నగా కొట్టగలదు.

ప్రత్యర్థి సంగతి చెప్పకపోతే అన్యాయం. జర్మన్ల 88 మిల్లీమీటర్ల ఫిరంగి గొట్టం వెడల్పు, 25 పౌండర్ గొట్టం వెడల్పు దాదాపు సమానం. ఒకటి 88, రెండోది 87.6. పొడవులో మాత్రం జర్మన్ గొట్టం రెట్టింపు. విమానాలను కూల్చడానికి పుట్టింది కనుక దాని గుండు వేగం చాలా ఎక్కువ, ట్యాంకు కవచాన్ని దూరం నుంచే చీల్చేది. దానికీ చుట్టూ తిరిగే పీఠం ఉంది. కానీ ఎత్తూ బరువూ ఎక్కువ, దాచడం కష్టం.

1941 నవంబరులో సిదీ రెజెగ్ విమానాశ్రయం దగ్గర 25 పౌండర్లు జర్మన్ ట్యాంకులను నేరుగా చూస్తూ కొట్టాయి. 1942 మే 27న బిర్ హకీమ్ సమీపంలో ఇటలీ ట్యాంకులు మూడో ఇండియన్ మోటార్ బ్రిగేడ్ మీద పడ్డప్పుడు రెండో ఫీల్డ్ రెజిమెంట్ భారతీయ గన్నర్లూ అదే చేశారు. బ్రిగేడ్ చెదిరిపోయింది. ఆ రెజిమెంట్‌లో ఒక బ్యాటరీకి నాయకుడు పి.పి. కుమారమంగళం. ఆ పోరాటానికి డీఎస్‌వో పతకం అందుకున్న ఆయన 1966లో భారత సైన్యాధిపతి అయ్యారు. నిజానికి ట్యాంకులను కొట్టడం 25 పౌండర్ పని కాదు. ఆ పనికి ఉన్న చిన్న 2 పౌండర్లు చాలకపోవడంతో ఆ భారం దీని మీద పడింది. ట్యాంకులను కొట్టడానికి 6 పౌండర్లు వచ్చాక ఇది తన అసలు పనికి మళ్లింది.

తర్వాతి కథ త్వరగా నడిచింది. ఇదే ఫిరంగిని వాలెంటైన్ ట్యాంకు మీద ఎక్కించి బిషప్ అన్నారు. ఫిరంగిని అమర్చిన డబ్బా ఇరుకు కావడం వల్ల గొట్టం 15 డిగ్రీలకు మించి లేవక దూరం సగానికి పడిపోయింది. మట్టి దిబ్బ కట్టి, వాహనాన్ని దాని మీదికి ఎక్కించి గొట్టం లేపేవారు. అమెరికా 105 మిల్లీమీటర్ల ప్రీస్ట్ 1942 అక్టోబరులో ఎల్ అలమైన్ చేరి ఆ పాట్లు తప్పించింది. ఇప్పుడు మన థార్ ఎడారిలో ట్యాంకులతో నడిచే కె9 వజ్ర ఫిరంగిని టరెట్టే చుట్టూ తిప్పుతుంది.

25 పౌండర్లు 1965, 1971 యుద్ధాల్లోనూ మన సైన్యంలో పనిచేశాయి. కంటోన్మెంట్లలో, సైనిక మ్యూజియాల్లో రంగులేసి నిలబెట్టినవి కనిపిస్తే, అందరూ గొట్టం ముందు ఫొటో దిగుతుండగా మీరు వెనక్కి వెళ్లి తోక కిందికి వంగి చూడండి. చక్రం ఉంటే పిల్లలకు చూపించి, అదెలా పనిచేసేదో చెప్పండి.