రంగులతో మనోచికిత్స: క్రొత్తగా పోవువారు తెలిసికొనవలసిన సంగతులు

జ్వరము వచ్చినచో వైద్యునికడకు పోవుటకు మనము సిగ్గుపడము. కాలు బెణికినచో కట్టు కట్టించుకొందుము. రెండు మాసములనుండి నిద్రపట్టుట లేదనియు, వంటయింట నిలుచుండగా కారణము లేకయే కన్నీరు వచ్చుచున్నదనియు చెప్పుటకు మాత్రము నోరు రాదు. చెప్పినను "అన్నియు నున్నవి, నీకేమి కొఱత?" యను మాటయే యెదురగును. అట్టి సోదరీమణులలో కొందఱకు మానసిక వైద్యులు మందుతోడను, మాటలతోడను పాటు చిత్రకళాచికిత్సను గూడ సూచించుచున్నారు. ఆ పేరు వినగానే "నాకు బొమ్మలు వేయుట రాదే!" యని యొక సందేహము కలుగును. "నేనేమి చిన్నపిల్లనా?" యనునది రెండవది. "ఎవరైన చూచిన నేమనుకొందురో!" యనునది మూడవది, అన్నిటికంటె బరువైనది.

ఈ మూడవదానిని గూర్చి ముందుగా చెప్పెదను. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతమున చదువునకును కళలకును లోటు లేదు. త్యాగరాయ గానసభలో సాయంకాలమైన పాటయో, నాట్యమో, సభయో జరుగుచునే యుండును. నగర కేంద్ర గ్రంథాలయము ఉద్యోగపరీక్షలకు చదువు యువతీయువకులతో నిండియుండును. ఊళ్ళనుండి వచ్చి, అశోక్‌నగర్ వసతిగృహములలో నొక్క గదిని నలుగురు పంచుకొని, ఫలితములకొఱకు ఏండ్లతరబడి వేచియుండు ఆడపిల్లలు ఇంటికి ఫోను చేసినప్పుడు "బాగున్నానమ్మా" యనియే చెప్పుదురు. ఈ వ్యాసము గృహిణుల కెంతయో వారికిని అంతయే. ఇఁక నలుగురి మాట యందురా, 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు నారాయణగూడలో బాలికలకు తెలుగు పాఠశాల పెట్టినప్పుడును నలుగురు ఏదో యొకటి అనియే యుందురు. ఆ బడిలో చదివిన పిల్లల మనుమరాండ్రు నేడు ఆ మాటలను తలచుకొనుట కూడ లేదు.

ఈ చికిత్స పుట్టుక కథ చిత్రమైనది. ఏడ్రియన్ హిల్ అను ఆంగ్ల చిత్రకారుడు మొదటి ప్రపంచయుద్ధమున రణరంగ దృశ్యములను చిత్రించినవాడు. 1938లో ఆయనకు క్షయ సోకి, శానిటోరియములో పడకపై నుండవలసివచ్చెను. నేడు క్షయకు వాడు మందులు అప్పటికి లేవు. కదలక పడుకొనియుండుటయే మందు. ప్రొద్దుపోక ఆయన మంచముచుట్టునున్న వస్తువులనే గీయసాగెను. తనకు గలిగిన యూఱటను చూచి తోడి రోగులకును, తరువాత యుద్ధమున గాయపడి వచ్చిన సైనికులకును గీయుట నేర్పెను. 1942లో ఈ పద్ధతికి ఆంగ్లనామము పెట్టినవాడు ఆయనయే. ఆ దశకమునందే న్యూయార్కు మానసిక వైద్యసంస్థలో మార్గరెట్ నౌంబర్గ్ అను విదుషి పిల్లల బొమ్మల మూలమున వారి మనస్సులను తెలిసికొను కృషి చేసెను.

మన పాఠకురాండ్రు తప్పక తెలిసికొనదగిన పేరు మఱియొకటి కలదు. ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అను చిత్రకారిణిని నాజీలు 1942లో టెరెజిన్ అను నిర్బంధస్థలమునకు పంపిరి. అచ్చట తలిదండ్రులకు దూరమైన పిల్లలను చేరదీసి, దొరికిన చిత్తుకాగితములపై ఆమె బొమ్మలు వేయించెను. ప్రతి బొమ్మపైనను పిల్లవాడు తన పేరు వ్రాయవలెనని చెప్పెను. పేరునకు బదులు అంకె వేయు చోట ఆ మాట విలువ యెట్టిదో ఊహించుకొనవచ్చును. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కు గొనిపోయి చంపిరి. రెండు పెట్టెలలో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలినవి. అవి నేడు ప్రేగ్ నగరపు యూదుల మ్యూజియమున నున్నవి. ఆమె శిష్యురాలు ఎడిత్ క్రేమర్ అమెరికాకు పోయి ఈ విద్యకొక శాస్త్రరూపము గల్పించినవారిలో నొకతె యయ్యెను.

ఇప్పుడు మన సంగతికి వత్తము. మొదటి దినమున సాధారణముగా రంగులకంటె మాటలే యెక్కువ. ఏల వచ్చితిరి, నిద్ర యెట్లున్నది, అన్నము సహించుచున్నదా, ఏ మందులు వాడుచున్నారు, ఇంట నెవరెవరున్నారు అని చికిత్సకురాలు అడుగును. చెప్పుటకు ఇష్టము లేనిదానిని "ఇప్పుడు చెప్పలేను" అనిన చాలును. ఎన్ని వారములు రావలెను, రుసుమెంత, రాలేనినాడు ముందుగా నెట్లు తెలియజేయవలెను అనునవి మీరును ఆనాడే అడిగి తెలిసికొనవలెను. తఱచుగా వారమున కొకసారి, ముప్పావుగంట మొదలు గంటవఱకు కూర్చుందురు. పట్టుచీర కట్టుకొని పోవలదు. ఉతికిన మరక పోవు పాత నూలుచీరయే మేలు.

బల్లపై పెన్సిళ్ళు, మైనపు రంగులు, నీటిరంగులు, బంకమన్ను, కత్తిరించి అంటించుటకు పాతపత్రికలు ఉండును. ఇవి యూరక పేర్చినవి కావు. పెన్సిలు మన చెప్పుచేతలలో నుండును. గీత వలదన్నచో చెఱిపివేయవచ్చును. నీటిరంగు మన మాట వినదు, తనకు తోచినట్లు ప్రాకును. మనస్సు మిక్కిలి కలతతో నున్నవారికి మొదట పెన్సిలో, పత్రికల ముక్కలో యిచ్చి, కుదుటపడిన పిమ్మట నీటిరంగు చేతికిచ్చుట కలదు. బంకమన్ను సంగతి వేఱు. పిసుకునప్పుడు కొందఱకు హాయి కలుగును, కొందఱకు ఎన్నడో అణచుకొన్న కోపము పైకి వచ్చును. ఏడ్పు వచ్చినను తప్పులేదు. మొదటి రెండుమూడు పర్యాయములు ఇంటికి వచ్చినపిదప మనస్సు మునుపటికంటె బరువుగా నుండుటయు కలదు. ఆ సంగతి మరుసటివారము చెప్పవలెను గాని, మానివేయుటకు అది కారణము కాదు.

బొమ్మ వేయుట రాదను భయమునకు మన ముగ్గే జవాబు. వేకువనే వాకిట చుక్కలు పెట్టి, గీత తెగకుండ చుట్టివచ్చు చేయి మనది. బతుకమ్మ పేర్చునప్పుడు ఏ పూవు ప్రక్క ఏ పూవు నప్పునో మన కెవరు నేర్పిరి? అయినను ముగ్గు వేఱు, ఈ పని వేఱు. ముగ్గులో నొక చుక్క తప్పిన పొరుగింటామె కంటబడును. ఇచ్చట తప్పుచుక్క యనునది లేదు, మార్కులు వేయువారును లేరు. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమున గిరిజా కైమల్ గారును సహచరులును 2016లో ప్రకటించిన యొక పరిశోధనలో, 39 మంది ముప్పావుగంట బొమ్మలపని చేసిన పిమ్మట నూటికి సుమారు 75 మందికి ఆందోళనతో పెరుగు కార్టిసాల్ అను రసము లాలాజలమున తగ్గెను. బొమ్మలలో అనుభవమున్నవారికిని లేనివారికిని భేదము కనబడలేదు. వారు ఆరోగ్యవంతులనియు, సంఖ్య కొలదియనియు మఱువరాదు. ఇది రోగము కుదురునని చెప్పు సాక్ష్యము గాదు. చేయి తిరిగినవారికే ఫలమను భయమును మాత్రము తీర్చును.

నల్లరంగు వేసిన దుఃఖమనియు, ఎఱుపు వేసిన కోపమనియు జాతకము చెప్పినట్లు చెప్పువారిని నమ్మవలదు. తెలిసిన చికిత్సకురాలు అర్థము తాను చెప్పదు. "ఈ యిల్లు మూలకు జరిగినదేమి? ఈమె ఎవరు?" అని మిమ్మే అడిగి ఊరకుండును. మీరు చెప్పునదే అర్థము. ఒక్కొక్కసారి యేమియు చెప్పక వచ్చివేయవచ్చును.

ఇంగ్లాండున ఈ చికిత్సకులమని చెప్పుకొనుటకు ప్రభుత్వపు పట్టికలో పేరుండవలెను. మన దేశమున రెండుదినముల శిక్షణతో బోర్డు కట్టినవారును ఉందురు. ఎచ్చట నెన్నాళ్ళు చదివితిరని అడుగుట అమర్యాద గాదు. మానసిక వైద్యుని యొక్కయో, రిహాబిలిటేషన్ కౌన్సిలులో పేరు నమోదైన మనస్తత్త్వ చికిత్సకుని యొక్కయో సలహాతో పోవుట క్షేమము. వైద్యుడిచ్చిన మందులను బొమ్మల నమ్మకముతో మానరాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోవ్యాధికి చికిత్స పొందువారి సంగతులను గోప్యముగా నుంచవలెనని శాసించుచున్నది. ప్రాణాపాయము తోచినప్పుడును, చట్టము పేర్కొన్న మఱికొన్ని సందర్భములలోను మినహాయింపు కలదు. బ్రతుకవలెనని లేదను తలంపు వచ్చినచో బొమ్మల తరగతి దినమువఱకు ఆగరాదు. 14416 అను టెలీ మానస్ సంఖ్యకు రాత్రియైనను పగలైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు.

పిల్లలను పంపు తల్లుల కొక మాట. గదినుండి వచ్చిన బిడ్డను "ఏమి వేసితివి? చూపుము" అని నిలదీయవలదు. బొమ్మను చుట్టములకు చూపి మెచ్చుకొనుటయు వలదు. మెప్పుకొఱకు బొమ్మవేయు బిడ్డ ఆ తరువాత నిజము వేయడు. "ఆకలిగా నున్నదా?" యని యడిగి ఇంటికి తీసికొని రండు.

బొమ్మలను ప్రాయికముగా మీ పేరుగల అట్టలో పెట్టి అచ్చటనే భద్రపఱచెదరు. అత్తవారింట తన సొరుగనునది లేని వారికి ఇది యెంతటి సదుపాయమో చెప్పనక్కఱలేదు. అవి మీవి, కావలెనన్న తెచ్చుకొనవచ్చును, చింపివేయవలెనన్న ఆ మాట ముందు చెప్పి చింపవచ్చును. చికిత్స ముగియునాడు ఆ యట్ట విప్పి, మొదటి దినపు కాగితము మొదలు అన్నియు వరుసగా నేలపై పఱచి, ఇద్దఱును కలిసి చూతురు.