నేలపై గూళ్ళు: పక్షుల పరిశీలనలో మన బాధ్యత

పక్షి గూడు అనగానే మనకు చెట్టుకొమ్మ గుర్తుకు వస్తుంది. కాని కొన్ని పక్షులు నేలమీద చిన్న గుంటలోనే గుడ్లు పెడతాయి. సముద్ర తీరపు ఇసుకలో చిన్న టెర్న్‌లు, గోదావరి వంటి నదుల ఇసుక తిన్నెలపై నది టెర్న్‌లు, దమ్మపేట వంటి అటవీ సరిహద్దు గ్రామాల బీళ్ళలో తీతువు పిట్టలు ఈ కోవకు చెందినవి. తీరానికి వెళ్ళలేనివారు తీతువును గమనించి ఈ పాఠం నేర్చుకోవచ్చు.

1. గుడ్లకు రక్షణ ఏమిటి?

తీతువు సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. వాటిపై మచ్చలు నేలరంగులో కలిసిపోతాయి. కనిపించకపోవడమే వాటికి రక్షణ. అదే కారణంగా మన కాలికింద పడే ప్రమాదమూ ఉంది. ఇవి ఎక్కువగా ఎండాకాలంలో గుడ్లు పెడతాయి. ఆడ, మగ పక్షులు వంతులవారీగా కూర్చుని గుడ్లకు నీడనిస్తాయి. పొట్ట ఈకలు నీటిలో తడుపుకొని వచ్చి వాటిని చల్లబరుస్తాయి. మనం దగ్గరకు వెళితే పక్షి లేచిపోతుంది. మనం అక్కడ ఉన్నంతసేపూ గుడ్లు ఎండకు మాడతాయి.

2. ఒక అనుభవం

చాలా ఏళ్ళ క్రితం దమ్మపేట దగ్గర ఎండిన చెరువులో తీతువు గుడ్లు చూశాను. విద్యార్థులకు చూపాలని ఫోటో తీస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. పక్షులు నెత్తిమీద తిరుగుతూ అరుస్తూనే ఉన్నాయి. నేను గట్టు ఎక్కేసరికి కాకులు వాలాయి. గుడ్లు మిగలలేదు. తీతువు కూత అపశకునమని పల్లెల్లో అంటారు. ఆ రోజు అది నాకు చేసిన హెచ్చరిక, నేనే వినలేదు.

3. పాటించవలసిన నియమాలు

అ) పక్షి అరిచినా, తలపై తిరిగినా, గాయపడినట్లు నటించినా గూడు దగ్గరలో ఉందని గ్రహించి, నేల చూసుకుంటూ వచ్చిన దారినే వెనుదిరగండి.
ఆ) బైనాక్యులర్‌తో దూరం నుంచే చూడండి. నేలపట్టులో పెలికాన్‌లను చూసేవారికి పరిశీలన గోపురం ఉన్నది ఇందుకే.
ఇ) కుక్కలను వెంట తీసుకువెళ్ళవద్దు, ఇసుక తిన్నెలపై వాహనాలు నడపవద్దు.
ఈ) గూడు ఉన్నచోటును, ఫోటోను వాట్సాప్‌లో పంచవద్దు.

4. చట్టం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిర్వచనంలో "వేట" అంటే చంపడం మాత్రమే కాదు. రక్షిత పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లను లేదా గూళ్ళను కదిలించడం కూడా వేటే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మీ ఊరి చెరువు గట్టున నిలబడి అరగంటసేపు తీతువును గమనించండి. అది ఎంత దూరంలో ఉన్న మనిషిని చూసి అరిచిందో నోట్‌బుక్‌లో రాయండి. అంతకంటే దగ్గరకు ఎందుకు వెళ్ళరాదో ఐదు వాక్యాలలో వివరించండి.